కొవ్వొత్తి ఆరిన తర్వాత

(కొత్తగా చేరిన ఉపాధ్యాయులకు స్వాగతం చెబుతూ ఒక మండల కేంద్రంలో జరిగిన సభలో, 2024లో పదవీ విరమణ చేసిన జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంట్ ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

వేదిక మీదున్న మండల విద్యాధికారి ఎంఈఓ గారికి, స్కూల్ కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయ సంఘాల బాధ్యులకు నమస్కారం. సంఘాల పేర్లు మాత్రం చెప్పను. ఏ పేరు ముందు పలికితే ఎవరి మొహం మాడుతుందో 38 ఏళ్ల సర్వీసులో బాగా తెలిసొచ్చింది.

శాలువాకి కూడా థాంక్స్. ఇది నాకు పదిహేడోదో పద్దెనిమిదోదో. మా ఆవిడ ఒకదాన్ని కుట్టుమిషను మీద, ఒకదాన్ని ఫ్రిజ్ మీద కప్పింది. మిగతావి బీరువాలో కలరా ఉండల వాసన పీలుస్తూ పడున్నాయి. ఇక మీదట ఎవరికన్నా సన్మానం చేస్తే శాలువా బదులు ఒక భూతద్దం ఇవ్వండి. బడికి పనికొస్తుంది.

కొత్తగా వచ్చిన పిల్లలకు నాలుగు ఆశీర్వచనాలు పలకమని పిలిచారు. పలుకుతున్నాను. మీ డీఏ బకాయిలు మీ సర్వీసులోనే మీకు అందాలి. బదిలీల కౌన్సెలింగ్‌లో మీరు కోరుకున్న ఊరు మీ ముందువాడు కోరుకోకూడదు. మీ బడి మూతపడకూడదు. మీ బాత్రూమ్‌కి నీళ్లు రావాలి. నాలుగూ అయిపోయాయి. ఇప్పుడు నా గొడవ చెప్పుకుంటాను.

మూడు విషయాలు రాసుకొచ్చాను. మన చదువు, మన శిక్షణలు, మూడోది ఈ సంచిలో ఉంది. ఇందాక మన సెక్రటరీ గారు ఈ సంచి చూసి, ‘మాస్టారు పుస్తకం రాశారు, ఆవిష్కరణ ఉంటుందేమో’ అని కంగారుపడ్డారు. పుస్తకం కాదండీ. తర్వాత చూపిస్తాను.

ముందు ఒక ప్రశ్న. మనకు ఎండాకాలం ఎందుకొస్తుంది? ఎవరన్నా చెప్పండి. ఆ, వెనక నుంచి ఎవరో అన్నారు, భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి అని. ఎవరన్నారో నేను చూడను, తల దించుకోనక్కర్లేదు. నేనూ చాలా ఏళ్లు అట్లాగే చెప్పాను. కానీ భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో. సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. అన్నిటికంటే దూరంగా ఉండేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్లు. అంటే మనం భోగి మంట ముందు చేతులు కాచుకునే నెలలో, జులైలో కంటే 50 లక్షల కిలోమీటర్లు సూర్యుడికి దగ్గరగా ఉంటాం. అయినా చలి.

అసలు కారణం భూమి అక్షం వాలి ఉండటం. ఎంత? ఆ, చూశారా, హాలంతా ఒకేసారి అరిచింది, 23½ డిగ్రీలని. అదే బిట్టుగా ఇస్తే ఈ హాల్లో ఒక్కరూ తప్పు పెట్టరు. నాకు ఆశ్చర్యం అదే. మన బుర్రలో ఒక గదిలో 23½ డిగ్రీలు ఉంటుంది. పక్క గదిలో ‘దగ్గరికొస్తే వేడి’ ఉంటుంది. రెండు గదులకీ మధ్య తలుపు లేదు. ఎవరూ పెట్టలేదు.

చిన్న ముక్క చెప్పి ముందుకెళతా. మన ప్రాంతంలో మే మొదటి పది రోజుల్లో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకొస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ కాసేపు నీడ ఉండదు. పిల్లలకు అది చూపిస్తే చాలు, ఋతువుల పాఠం సగం అయిపోయినట్టే. కానీ మేలో బడి ఉండదు. ఆగస్టు మొదటి పది రోజుల్లో మళ్లీ వస్తుంది. అప్పుడు బడి ఉంటుంది, మబ్బూ ఉంటుంది. నా సర్వీసులో రెండుసార్లే దొరికింది.

ఇప్పుడు మీరనొచ్చు, ‘మేం మెగా డీఎస్సీ రాసి వచ్చాం మాస్టారూ, 16,347 పోస్టులకు రాష్ట్రమంతా పోటీపడితే నెగ్గుకొచ్చాం, మాకు సబ్జెక్టు రాదంటావా’ అని. అననమ్మా. డీఎస్సీ కోచింగ్‌కని అవనిగడ్డ వెళ్లి, నలుగురు కలిసి గది అద్దెకు తీసుకుని, మెస్సులో తిని, ఏళ్ల తరబడి బిట్లు చదివినవాళ్లు మీలో ఎంతమందో ఉంటారు. స్కూల్ అసిస్టెంట్ పేపర్లో 80 మార్కులకు 40 కంటెంట్‌వే. టెట్, అదే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, దాని వెయిటేజీ ఇంకో 20. మీకు వచ్చినన్ని ముక్కలు మా తరానికి రావు. నా బాధ ముక్కలు రాకపోవడం గురించి కాదు. నా సంగతే చెబుతా, అప్పుడు తెలుస్తుంది.

నా డిగ్రీ బీజడ్‌సీ, అంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. లెక్కలకు పదో తరగతిలో దండం పెట్టాను. భౌతికశాస్త్రానికి ఇంటర్‌లో పెట్టాను. తర్వాత బీఈడీ. ఇప్పుడంటే 2015 నుంచి రెండేళ్లు చేశారు గానీ మా రోజుల్లో ఒక్క ఏడాదే. ఆ ఏడాదంతా లెసన్ ప్లాన్లు రాశాం. జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం. పక్కన స్పష్టీకరణలు. ఎర్ర స్కెచ్ పెన్నుతో గీతలు. ఉన్ముఖీకరణ ప్రశ్నలు మూడు ఉండి తీరాలి. మొదటి రెంటికీ పిల్లలు జవాబు చెప్పాలి, మూడోదానికి చెప్పలేకపోవాలి. అప్పుడు మనం చిరునవ్వు నవ్వి, ‘అయితే ఈ రోజు దాని గురించి తెలుసుకుందాం’ అని బోర్డు మీద పాఠం పేరు రాయాలి. ఒకసారి మూడోదానికి కూడా ఒక పిల్లాడు చెప్పేశాడు. నాకు రెండు మార్కులు పోయాయి.

పరిశీలకులు వచ్చి వెనక కూర్చునేవాళ్లు. చార్టు చివరి బెంచీకి కనబడుతోందా చూశారు. బోర్డు మీద తేదీ, తరగతి, హాజరు సంఖ్య రాశానా లేదా చూశారు. గొంతు ఎట్లా ఉందో చూశారు. నేను చెబుతున్నది నిజమో కాదో మాత్రం ఒక్కరూ చూడలేదు. డిగ్రీలో చదివే ఉంటాడులే అని వాళ్ల ధీమా. డిగ్రీ కాలేజీలో అడిగితే, ‘ఏడో తరగతి పాఠం మేమెందుకు చెబుతామయ్యా, అది బడిలో చదువుకుని వచ్చావుగా’ అంటారు. బడిలో చదివింది ఏమిటి? మా మాస్టారు చెప్పింది. ఆయనకు వాళ్ల మాస్టారు చెప్పింది. పొలం పుట్రా వంశపారంపర్యంగా వచ్చినట్టు తప్పులు కూడా అట్లాగే వస్తాయి. దానికి రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా లేదు.

నేను చదివిన చదువుల్లో, రాసిన పరీక్షల్లో, నేను రేపు చెప్పబోయే పాఠాన్ని నాతో కలిసి కూర్చుని చదివిన చోటు ఒక్కటి కూడా లేదు. ఇది మళ్లీ చెబుతాను. ఒక్కటి కూడా లేదు.

1986లో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా చేరాను. ఒకటే గది, ఐదు తరగతులు. తర్వాత జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంట్‌గా ప్రమోషన్. ఆ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ పోస్టు ఖాళీ. ‘సైన్సే కదయ్యా, సర్దుకో’ అన్నారు మా హెడ్మాస్టారు. మంచాయన, ఆయన్ని తప్పుపట్టను, ఆయన మాత్రం ఏం చేస్తాడు. కానీ సైన్సే కదా అనడం ఏమిటండీ! కంటి డాక్టరును పిలిచి, ‘డాక్టరువే కదా, ఈ కాన్పు చెయ్యి’ అన్నట్టు కాదూ? దానికి మన డిపార్టుమెంటులో ఎంత చక్కటి మాట ఉందో చూడండి, పని సర్దుబాటు. పని సర్దుబాటయింది. పిల్లలు సర్దుకున్నారు.

పదో తరగతికి కటకాలు చెప్పాలి. సంజ్ఞా సంప్రదాయం. ఏ దూరం ఎప్పుడు ధనం, ఎప్పుడు ఋణం. రాత్రి పదకొండింటి దాకా గైడు ముందేసుకుని లెక్కలు బట్టీపట్టి, పొద్దున పుస్తకం చూడకుండా బోర్డు మీద చేసేవాణ్ణి. పిల్లలకు నేనంటే గొప్ప. ఒకరోజు ఒకడు లేచి, ‘సార్, వస్తువును ఇంకా దగ్గరికి జరిపితే ఏమవుద్ది, ఆ లెక్క చేయండి’ అన్నాడు. ‘బెల్లు కొట్టేస్తారు, రేపు చూద్దాం’ అన్నాను. బెల్లుకు ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఈ ‘రేపు చూద్దాం’ మీలో ఎంతమంది అన్నారు? చేతులెత్తమనను.

లెక్కల మాస్టార్లు నవ్వుతున్నారు, వాళ్ల దగ్గరికీ వస్తున్నా. ఒకసారి నన్ను శిక్షణలో రిసోర్స్ పర్సన్‌గా వేశారు. నలభై మంది దాకా ఉన్నారు, అన్ని సబ్జెక్టుల వాళ్లూ. ఒకటిముప్పావును అరతో భాగించమన్నాను. తిరగేసి గుణించారు, 7/4 ఇంటూ 2, మూడున్నర. దాదాపు అందరికీ వచ్చింది. ‘బాగుంది, ఇప్పుడు ఈ లెక్క వచ్చేట్టు ఒక రాతలెక్క తయారుచేయండి’ అన్నాను. పది నిమిషాలు హాలు నిశ్శబ్దం. ఒకటిముప్పావు రొట్టెను ఇద్దరికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత, అని రాశారు ఎక్కువమంది. అది రెండుతో భాగించడం, అరతో కాదు. రొట్టెలో సగం ఎంత అని కొందరు. అది గుణకారం. ఒక్క మేడం గారు మాత్రం, ఒకటిముప్పావు లీటరు పాలు అరలీటరు ప్యాకెట్లలో పోస్తే ఎన్ని ప్యాకెట్లవుతాయి అని రాసింది. మూడు నిండా, నాలుగోది సగం. మూడున్నర. ఆవిడది సాంఘికశాస్త్రం. ఇంట్లో గేదెలున్నాయి.

ఇది మన ఒక్కరి జబ్బనుకోకండి. లీపింగ్ మా అనే పరిశోధకురాలు ఇదే లెక్కను అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ప్రాథమిక టీచర్లు ఎట్లా చేశారో పోల్చి చూసింది. ఆ పని 1999లో పుస్తకంగా వచ్చింది. చైనావాళ్లు 72 మందీ లెక్క సరిగ్గా చేశారు. అమెరికా వాళ్లలో పూర్తిగా సరైన జవాబు దాకా వచ్చింది 9 మంది. సరైన రాతలెక్క చెప్పగలిగింది ఒక్కరు. మరి చదువులు చూస్తే, అమెరికా టీచర్లు డిగ్రీలున్నవాళ్లు, చైనావాళ్లు ఎక్కువమంది తొమ్మిదో తరగతి తర్వాత రెండు మూడేళ్లు టీచరు ట్రైనింగ్ చేసినవాళ్లు. డిగ్రీ తక్కువ, లెక్క ఎక్కువ! వాళ్ల బళ్లలో ఒకే సబ్జెక్టు చెప్పే టీచర్లు కలిసి కూర్చుని పాఠ్యపుస్తకాన్ని చదువుతారు. పిల్లలకు చెప్పడానికి ముందు తాము చదువుతారు. ఈ సంఖ్య ముందు, ఆ సంఖ్య తర్వాత ఎందుకిచ్చారు, ఈ లెక్కకు ఇంకో దారి ఉందా అని తర్కించుకుంటారు. మనం స్టాఫ్ రూంలో కూర్చుని ఏం తర్కించుకుంటాం? పీఆర్సీ, అదే జీతాల సవరణ. నేనూ అదే తర్కించాను, తప్పని అనను. పీఆర్సీ కావాలి. లెక్క కూడా కావాలి.

ఇదిగో చీటీ వచ్చింది. ‘సార్, భోజనాలు చల్లారిపోతున్నాయి’ అని ఉంది. ఎవరు రాశారో చేతిరాత బట్టి తెలుస్తోంది, నా దగ్గర చదివినవాడే. ‘చల్లారి’ సరిగ్గా రాశాడు, సంతోషం. ఇంకొక్క పదిహేను నిమిషాలు.

శిక్షణల గురించి రాసుకొచ్చింది సగం వదిలేస్తాను. తొంభైల్లో బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్య ప్రాజెక్టు ‘అప్పెప్’ రోజుల నుంచి నేను చూడని శిక్షణ లేదు. అప్పుడు ఆరు సూత్రాలు. పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించాలి, చేస్తూ నేర్చుకోవాలి, స్థానిక పరిసరాలను వాడుకోవాలి, ఇట్లా. మంచి సూత్రాలండీ, ఇప్పటికీ వాటికి వంక పెట్టను. టీచర్ సెంటర్‌లో కూర్చుని చేతులతో వస్తువులు చేశాం. కానీ అట్టతో ఎంత చక్కగా చేశామన్నదే చూసుకున్నాం. అట్ట మీద రాసింది నిజమేనా అని అప్పుడూ అడగలేదు. తర్వాత డీపెప్, సర్వశిక్షా అభియాన్, నిష్ఠా. పైన రాష్ట్ర స్థాయిలో పాలు పోస్తారు, జిల్లాకు వచ్చేసరికి మజ్జిగ, మండలానికి వచ్చేసరికి తేట. మేం తేట తాగి, సంతకం పెట్టి, టీఏ కోసం బస్సు టికెట్లు జేబులో దాచుకుని ఇంటికెళ్లేవాళ్లం. 2020 జాతీయ విద్యా విధానంలో ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల శిక్షణ అన్నారు. యాభై గంటలు! ఆ యాభైలో ఐదు గంటలు, ఐదే, నా సబ్జెక్టులో నాకు రాని పాఠానికి ఇస్తే చాలునని దండం పెట్టి అడుగుతున్నా. మిగతా నలభై ఐదు మీ ఇష్టం, యాప్‌లు నేర్పుకోండి. కోడిగుడ్లు లెక్కపెట్టడం, మరుగుదొడ్డి ఫోటో తీయడం కూడా మేం నేర్చుకున్నవాళ్లమే.

ఇక టెట్. ముందు వరసలో పెద్దవాళ్లు కూర్చున్నారు, వాళ్ల మనసులో ఏముందో నాకు తెలుసు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రిటైర్మెంటుకు ఐదేళ్లకు పైగా ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లకు మినహాయింపు గానీ, ప్రమోషన్ కావాలంటే రాయాలి. పాతికేళ్లు పాఠం చెప్పిన మనిషి ఇప్పుడు మళ్లీ హాల్ టికెట్ పట్టుకుని, తన దగ్గర చదివిన పిల్ల పక్కన కూర్చుని రాయాలి. అవమానం అంటున్నారు. కొత్తవాళ్లు, ‘మేం రాయలేదా, మీరూ రాయండి’ అంటున్నారు. నేను ముందే రిటైరై తప్పించుకున్నాను కాబట్టి నీతులు చెప్పను. ఒక్కటి మాత్రం చెబుతా. నేను టెట్ రాసుంటే పాసయ్యేవాణ్ణి. నా తప్పుతో సహా పాసయ్యేవాణ్ణి. ఆ తప్పును బిట్టుగా ఇస్తే దానికీ మార్కు పడేది. అదేం తప్పో చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

సంచి తీస్తున్నాను. ఇది పళ్లెం. ఇది గాజు గ్లాసు. ఇవి మూడు కొవ్వొత్తులు.

సైన్సు మాస్టార్లకు అర్థమైపోయింది. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గ్లాసు బోర్లిస్తాం. కాసేపటికి ఆరిపోతుంది. నీళ్లు గ్లాసులోకి లేస్తాయి. ఎంత? ఐదో వంతు. ఎందుకు? గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ కాబట్టి, అది మండిపోయింది కాబట్టి, ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి. 19 ఏళ్లు చెప్పాను. కుంకుమ కలిపిన నీళ్లతో చెప్పాను, వెనక బెంచీ వాళ్లకు కనబడాలని. గ్లాసును ఐదు భాగాలు చేసి, ఐదో వంతు దగ్గర రబ్బరు బ్యాండు చుట్టేవాణ్ణి. నీళ్లు వచ్చి సరిగ్గా ఆ బ్యాండు దగ్గర ఆగేవి. పిల్లలు చప్పట్లు. డీఈఓ గారి తనిఖీలో ఈ పాఠమే చెప్పి శభాష్ అనిపించుకున్నాను.

సరిగ్గా అక్కడే ఎందుకు ఆగేవో ఇప్పుడు చెబుతాను. ఒకే గ్లాసు, ఒకే సైజు కొవ్వొత్తి వాడేవాణ్ణి కాబట్టి. వేరే గ్లాసు పెడితే ఒకటి రెండుసార్లు కుదరలేదు. గ్లాసు బాగోలేదని పక్కన పెట్టేశాను. చూడండి, ప్రయోగం నాకు నిజం చెప్పబోయింది. నేను గ్లాసు మార్చాను.

2005. ఏడో తరగతి. ఒక పాప. పేరు చెప్పను, ఇప్పుడు ఎక్కడో సంసారం చేసుకుంటూ ఉంటుంది. పాఠం చెప్పిన మర్నాడు లేచి నిలబడింది. ‘సార్, నేను ఇంటికాడ చేశా సార్. చర్చిలో క్రిస్మస్‌కి వెలిగించిన కొవ్వొత్తి ముక్కలు మూడుంటే మూడూ పెట్టా. నీళ్లు సగం దాకా వచ్చాయి సార్’ అంది. క్లాసంతా నవ్వింది. ఆ పాప నవ్వలేదు. ‘మూడు కొవ్వొత్తులు పెడితే గ్లాసులో ఆక్సిజన్ ఎక్కువవుద్దా సార్?’ అంది. ఇంకోటి కూడా అంది. ‘కొవ్వొత్తి వెలిగేటప్పుడు నీళ్లు పెద్దగా రాలేదు సార్. ఆరిపోయినాక గబుక్కున లేచినాయి.’

పన్నెండేళ్ల పిల్ల. ఒకే ఒక్క మార్పు చేసి, రెండే రెండు మాటల్లో, నా 19 ఏళ్ల పాఠాన్ని పడగొట్టింది. ఆక్సిజన్ మండిపోయిన ఖాళీలోకి నీళ్లొస్తే, మండేటప్పుడే రావాలి కదా? ఒక కొవ్వొత్తయినా మూడయినా గ్లాసులో ఆక్సిజన్ ఒకటే కదా, ఐదో వంతే రావాలి కదా?

నేనేమన్నానో తెలుసా. ‘నువ్వు సరిగ్గా చేసి ఉండవు. కూర్చో’ అన్నాను.

కూర్చుంది.

ఆ రాత్రి వంటింట్లో గచ్చు మీద కూర్చుని చేశాను. మూడు కొవ్వొత్తులు. మా ఆవిడ, కరెంటు ఉండగా ఇదేం పని అంది. నీళ్లు సగానికి దగ్గరగా వచ్చాయి. ఒకటి పెట్టి చేశాను. మళ్లీ మూడు పెట్టాను. ఈసారి అంచు దగ్గరికి వంగి చూశాను. గ్లాసు బోర్లించేటప్పుడు అంచు కింద నుంచి బుడగలు బయటికి పోతున్నాయి. 19 ఏళ్లు ఆ బుడగలు నా కళ్ల ముందే పోయాయి! మంట వేడికి గాలి ఉబ్బి, కొంత బయటికి పోతుంది. ఆరిన తర్వాత లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది. బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి నెడుతుంది. మూడు కొవ్వొత్తులైతే వేడి ఎక్కువ, బయటికి పోయే గాలి ఎక్కువ, లేచే నీళ్లూ ఎక్కువ. ఆక్సిజన్ ఖర్చవుతుంది, నిజమే. కానీ దాని బదులు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. ఆవిరి చల్లబడి నీరవుతుంది, కార్బన్ డయాక్సైడ్ చాలా వరకు అక్కడే ఉంటుంది. పైగా ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే మంట ఆరిపోతుంది. ఐదో వంతు దగ్గర ఆగడం అనేది నా రబ్బరు బ్యాండు మహిమ.

ఈ ప్రయోగం కొత్తదేం కాదు, రెండు వేల ఏళ్లకు పైబడినది. బైజాంటియంకు చెందిన ఫిలో అనే గ్రీకు ఇంజనీరు చేశాడు. అంత పాతదాంట్లో నేను బుడగలు చూడలేదు. నా చదువులో ఎవరూ ‘అంచు దగ్గర చూడు’ అని చెప్పలేదు. ఎక్కడా చెప్పలేదు. ఇందాక అన్నాను కదా, ఒక్క చోటు కూడా లేదని. ఇదే ఆ మాట.

సరే, తప్పు చెప్పడం ఒక ఎత్తు. అసలు నేరం తర్వాతది. మర్నాడు క్లాసుకెళ్లాను. చెబుదామనే వెళ్లాను. గుమ్మం దగ్గర దాకా చెబుదామనే ఉంది. లోపలికెళ్లి హాజరు తీసుకుని, పుస్తకాలు తియ్యండి, తర్వాతి పాఠం అన్నాను. ఎందుకు చెప్పలేదు? నాకు జీతం తగ్గుతుందా? ఇంక్రిమెంటు ఆపుతారా? ఏమీ లేదు. నలభై మంది పిల్లల ముందు, చర్చి కొవ్వొత్తి ముక్కలు తెచ్చిన పిల్ల కరెక్టు, నేను తప్పు అనలేకపోయాను. అంతే. మర్నాటి మర్నాడు కూడా అనలేదు. తర్వాతి ఏడాది పిల్లలకు సరిగ్గానే చెప్పాను, అదీ నాకు ఎప్పుడో తెలిసినట్టు. ఆ పిల్లకు మాత్రం చెప్పలేదు. ఆ ఏడాది మిగిలిన నెలల్లో ఆ పాప మళ్లీ చెయ్యెత్తగా నేను చూడలేదు.

చాలా ఏళ్లకు బస్టాండులో కనిపించింది. చంకలో పిల్లాడు. ‘బాగున్నారా సార్’ అని నమస్కారం పెట్టింది. అప్పుడన్నా చెప్పాలి కదా. బస్సొచ్చింది. నాది కాదు, ఆమెది. ‘వస్తా సార్’ అని ఎక్కింది.

నీళ్లివ్వండయ్యా కాస్త.

ఎంఈఓ గారూ, మీకు ఒక విన్నపం. నెలనెలా కాంప్లెక్స్ సమావేశం ఉంటుంది కదా. అందులో ఒక గంట ఇవ్వండి. రిసోర్స్ పర్సన్ వద్దు, ప్రొజెక్టర్ వద్దు, రిపోర్టు పైకి పంపించడం అసలే వద్దు. ఒకే సబ్జెక్టు చెప్పేవాళ్లు ఆ నెల పాఠం ఒకటి ముందేసుకుని, ఇందులో మనకు అర్థం కానిదేమిటి అని కూర్చోవాలి. పేరు రాయకుండా చీటీల మీద రాసి డబ్బాలో వేసినా సరే. తెలియదన్నందుకు ఎవరికీ మెమో రాకూడదు, ఎవరూ నవ్వకూడదు. జీవశాస్త్రం ఆయన్ని భౌతికశాస్త్రానికి సర్దుబాటు చేస్తే చెయ్యండి, పోస్టులు నింపేదాకా ఏం చేస్తాం. కానీ పక్క బడి ఫిజికల్ సైన్స్ మాస్టారు దగ్గర నాలుగు శనివారాలు కూర్చునే వీలు కల్పించి చెయ్యండి. రాత్రి పదకొండింటికి గైడుకు అప్పజెప్పకండి.

కొత్త పిల్లలూ, మీరు దగ్గరికి రండి. సభ మర్యాద తర్వాత, రండి. కుర్చీలు అక్కడే వదిలెయ్యండి. ఆ చివరి అమ్మాయి కూడా. ఎవరన్నా ఆ ఫ్యాన్లు ఆపండి. అగ్గిపెట్టె తెచ్చుకోవడం మర్చిపోయాను. ఎవరి దగ్గరన్నా ఉందా? ఇంతమంది మగ టీచర్లలో ఒక్కరి జేబులోనూ అగ్గిపెట్టె లేదంటే నేను నమ్మను. ఆ, వచ్చింది. ఎవరిదో అడగను.

ఇదిగో, పళ్లెంలో నీళ్లు. ముందు ఒకటే వెలిగిస్తాను. తర్వాత మూడు. రబ్బరు బ్యాండు లేదు. నా మొహం చూడకండి, గ్లాసు అంచు చూడండి, కింద అంచు. ఇప్పుడు బోర్లిస్తున్నాను. అమ్మా, నువ్వు వంగి చూసి, నీకేం కనబడుతోందో వెనకవాళ్లకు వినబడేట్టు చెప్పు.